కాయ ఆగదు: గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ జ్ఞాపకాలు

జనం నోట అది కొత్తపేట పండ్ల మార్కెట్, కాగితాల్లో గడ్డిఅన్నారం వ్యవసాయ మార్కెట్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ వెళ్లే దారిలో, విజయవాడ రహదారిని ఆనుకొని 22 ఎకరాల్లో ఉండేది. 1986లో మొజంజాహి మార్కెట్ నుంచి హైదరాబాదు పండ్ల వ్యాపారం అక్కడికి తరలింది. 2021 సెప్టెంబరు చివర్లో ఆ చోటూ ఖాళీ అయి, ఔటర్ రింగు రోడ్డు అవతల ఉన్న బాటసింగారానికి వెళ్లిపోయింది. ఈ రెండింటి మధ్య గడిచిన ముప్పై అయిదేళ్లలో, నల్గొండ జిల్లాలో బత్తాయి తోట ఉన్న ఇంట్లో పెళ్లి మాట వచ్చినా, అప్పు మాట వచ్చినా, కొత్త బోరు మాట వచ్చినా ఆ మార్కెట్ ప్రస్తావన రాకుండా పోయేది కాదు. మాది అలాంటి ఇల్లే.

మా తాతకు బత్తాయి తెలియదు. ఆయనవి నాలుగు పాత మామిడి చెట్లు, పొలం గట్ల మీద సీతాఫలాలు. కాయ కోతకొచ్చినప్పుడు ఊళ్లో మరో ఇద్దరితో కలిసి గంపలు లారీకెక్కించి మొజంజాహి మార్కెట్‌కు తెచ్చేవాడు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1935లో, ఆయన రెండవ కుమారుడు మొజంజా పేరు మీద గ్రానైటు రాతితో కట్టిన ఆ కమానుల కట్టడాన్ని ఇప్పుడు చూడడానికి వచ్చేవాళ్లు దాని అందాన్ని చూస్తారు. మా తాత చూసింది మాత్రం పైనున్న గడియారాన్ని. పొద్దు పొడిచే వేళ ఎంత పలికిన గంప, ఆ ముల్లు తొమ్మిది దాటాక ఎంతకు దిగుతుందో ఆయన నోటితో లెక్క చెప్పేవాడని, అది ఎప్పుడూ పెద్దగా తప్పేది కాదని మా నాయన అంటాడు. 2020 ఆగస్టులో ఆ కట్టడాన్ని మరమ్మతు చేసి తిరిగి తెరిచిన తరవాత నేను వెళ్లి చూశాను. రాయిని కడిగి శుభ్రం చేశారు, దీపాలు పెట్టారు, చాలా బాగుంది. పండ్ల టోకు వ్యాపారం ఆ కమానుల కింద ఎలా ఇమిడిందో మాత్రం ఎంత ఊహించినా నాకు అందలేదు.

బత్తాయి మా నాయన పెట్టినది. బోర్లు వచ్చాక, మెట్ట పొలంలో జొన్న, ఆముదం మానేసి సాత్‌గుడి మొక్కలు నాటిన తరం ఆయనది. మొక్క పెట్టిన తరవాత అయిదారేళ్లు కాపు కోసం ఎదురుచూడాలి, ఆ అయిదారేళ్లూ పెట్టుబడికి ఎవరో ఒకరు అప్పియ్యాలి. ఆ ఇచ్చేవాడు గడ్డిఅన్నారంలో ఆడ్తి దుకాణం, అంటే కమీషను మీద రైతు సరుకు అమ్మిపెట్టే దుకాణం నడిపే సేటు. బ్యాంకు గడప తొక్కితే పహాణీ, పాసుపుస్తకం, జామీను అని అడుగుతారు. సేటు తోట ఎన్ని ఎకరాలు, బోరులో నీళ్లెన్ని, చెట్టు వయసెంత అని మాత్రమే అడిగి డబ్బు ఇచ్చేవాడు. దానికి బదులుగా ఒక్కటే కట్టడి: కాయ కోసిన రోజు లారీ ఆయన దుకాణం ముందే ఆగాలి. పక్క దుకాణంలో ఎంత ఎక్కువ పలికినా సరే.

తొంభైల చివర్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టలులో ఉండి ఇంటర్మీడియట్ చదువుకున్నాను. ఊరి నుంచి లారీ బయలుదేరిన రాత్రి ఎవరో ఒకరు ఎస్టీడీ బూతు నుంచి హాస్టలుకు ఫోను చేసి చెప్పేవారు. తెల్లవారుజామున నేను నడుచుకుంటూ మార్కెట్‌కు వెళితే, మా నాయన మెడకు తువ్వాలు చుట్టుకొని కాయల రాశి పక్కన గోనె మీద కూర్చొని ఉండేవాడు. నన్ను చూడగానే మొదట అడిగేది చదువు గురించి కాదు, "చాయ్ తాగినవా బిడ్డా?" అని. ఆ తరవాత నాకు ఆయన అప్పగించే పని కాంటా దగ్గర నిలబడి సంచుల లెక్క రాయడం.

మార్కెట్ పని తీరు బయటివాళ్లకు గందరగోళంగా కనిపించేది గాని లోపల ఎవరి పని వాళ్లకు గీత గీసినట్టు ఉండేది. హమాలీలు లారీ దింపి, కాయను దుకాణం ముందు రాశి పోస్తారు. ఆడవాళ్లు ఆ రాశి చుట్టూ కూర్చొని పెద్ద కాయ, నడిమి కాయ, గోలీ కాయ అని ఏరి వేరు చేస్తారు. నల్లి తిని తోలు గోధుమరంగుకు తిరిగిన కాయను మంగు అంటారు, దాన్ని పక్కకు నెడతారు. లోపల రసానికి ఏ లోపమూ లేకపోయినా మంగు పట్టిన కాయకు ధర సగమే. ఆడ్తిదారు రైతు తరఫున అమ్మిపెట్టేవాడు, ఖరీదుదారు కొనేవాడు, దడ్వాయి తూకం వేసేవాడు. దడ్వాయికి లైసెన్సు ఇచ్చేది మార్కెట్ కమిటీ, కాబట్టి కాగితం ప్రకారం అతను ఇటు రైతు మనిషీ కాడు, అటు దుకాణం మనిషీ కాడు. నిజానికి రోజంతా నిలబడేది దుకాణం నీడలోనే కదా. అన్నీ అయ్యాక రైతు చేతికి వచ్చేది తక్‌పట్టీ. మొత్తం తూకం, ధర, అందులో నుంచి కమీషను, హమాలీ, ఏరివేత కూలి, లారీ కిరాయి, ముందు తీసుకున్న అప్పు పద్దు, చివరన మిగిలినది. మా ఇంట్లో దేవుడి పటాల వెనుక దాచిన తక్‌పట్టీల కట్ట ఇప్పటికీ ఉంది. ఏ సంవత్సరం ఏ మేర కాపు కాసిందో, మా అక్క పెళ్లికి ఎంత తెచ్చామో, ఏ ఏడు బోరు ఎండిందో అన్నీ ఆ కట్టలో చదువుకోవచ్చు.

వేలం వేగంగా సాగేది. పాట పాడే గుమాస్తా ఉర్దూ అంకెలను గుక్క తిప్పుకోకుండా అంటూ రాశి నుంచి రాశికి నడుస్తుంటే, వెనుక ఖరీదుదారుల గుంపు కదిలేది. ఢిల్లీకి, కలకత్తాకు లారీలు పంపే పెద్ద కొనుగోలుదారు ఒకడు కాయను గోటితో గీరి వాసన చూసి, రెండుగా కోసి పిండి, మాట్లాడకుండా కనురెప్ప కదిలిస్తే పాట అక్కడ ఆగేది. ఇది బహిరంగ పాట. దీనితో పాటు రుమాలు బేరం కూడా ఉండేది. ఇద్దరు మనుషులు తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకొని ధర చెప్పుకొనేవారు. చుట్టూ నిలబడిన వాళ్లకు, ఆ కాయ పండించిన మనిషికి కూడా, లోపల ఏం జరిగిందో తెలియదు. నిబంధనలు దీన్ని ఒప్పుకోవు. అయినా నేను చదువుకునే రోజుల్లో అది పట్టపగలే నడిచేది. నాకు అప్పుడు అది గొప్ప విద్యలా కనిపించి, హాస్టలులో స్నేహితులకు చేసి చూపించేవాణ్ణి. ఆ విద్య ఎవరి కళ్లు కప్పడానికి పుట్టిందో అర్థం కావడానికి కొంత వయసు కావలసి వచ్చింది.

కమీషను పండ్లకు చట్టం ప్రకారం నూటికి నాలుగు. వసూలు చేసేది ఎనిమిది, పది. కొనేవాడు కట్టవలసిన మార్కెట్ ఫీజు నూటికి ఒకటి. ఇవి కాక సూట్ అని ఒకటి ఉండేది. కాయ దారిలో ఎండుతుంది, కుళ్లుతుంది, కాబట్టి టన్నుకు ఇంత తూకం తగ్గించి లెక్క కడతామని ముందే కోసేది. ఆ తరుగుకు రసీదు ఉండదు, తక్‌పట్టీలో గీత ఉండదు. మా నాయన జీవితంలో సేటుతో గొంతు పెంచి మాట్లాడినది ఎప్పుడైనా ఉంటే అది సూట్ దగ్గరే. "పటేలా, కాయ నీది, ఎండేది నాది" అని సేటు నవ్వుతూ అనేవాడు. అంతకు మించి వాదన ముందుకు పోయేది కాదు. ఎందుకంటే ఆ వాదన జరిగే సమయానికి రాశి నేల మీద ఉంది, ఎండ ఎక్కుతోంది, లారీ కిరాయి మీద ఎక్కువ సేపు ఆగదు.

వడ్లు తెచ్చిన రైతు ధర నచ్చకపోతే బస్తాలు తిరిగి బండికెక్కించుకొని ఇంటికి పోవచ్చు, లేదా గిడ్డంగిలో పెట్టి నెల చూడవచ్చు. పండు తెచ్చినవాడికి ఆ దారి లేదు. బత్తాయి అయితే వారం, పది రోజులు ఓర్చుకుంటుంది. పండబారిన మామిడి మూడు రోజులు, సీతాఫలం ఒకటి, రెండు. మా నాయన దాన్ని "కాయ ఆగదు" అని రెండు మాటల్లో తేల్చేవాడు. ఆ మార్కెట్‌లో ఉన్న ప్రతి పద్ధతీ, ముందస్తు అప్పు, ఊపిరాడని వేలం, రుమాలు, సూట్, అన్నీ ఆ రెండు మాటల మీద నిలబడినవే. ఆడ్తిదారును దోపిడీదారు అని తిట్టేవాళ్ల వ్యాసాలు తరవాత చాలా చదివాను, వాటిలో చాలా వరకు నిజమే. అయితే మా నాయనకు గుండెనొప్పి వచ్చిన రాత్రి ఆస్పత్రికి డబ్బు పట్టుకొని ముందుగా వచ్చినది ఆ సేటే. ఆయన ఆ డబ్బును మరుసటి కాపు తక్‌పట్టీలో పద్దు రాసుకున్నాడు, వడ్డీ మాత్రం వెయ్యలేదు. ఈ రెండింటినీ ఒకే మనిషి లెక్కలో ఎలా సర్దాలో మా నాయనకు తెలుసు, నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు.

మామిడి కాలంలో ఆ ప్రాంతం స్వరూపమే మారేది. ఉగాది దాటిన దగ్గర నుంచి జూన్ దాకా నూజివీడు, ఖమ్మం, జగిత్యాల, కొల్లాపూర్ దిక్కుల నుంచి వచ్చే లారీలు రహదారి అంచున బారులు తీరేవి. సిటీ బస్సులు విక్టోరియా మెమోరియల్ దగ్గరే నిలిచిపోయేవి. ప్రయాణికులు దిగి నడిచేవారు, నడుస్తూ తిట్టేవారు, తిడుతూనే ఒక కిలో కొనేవారు. బంగినపల్లిని అక్కడ బేనిషాన్ అనేవారు. మేలు రకం హిమాయత్ వస్తే దాన్ని రాశి పొయ్యరు, గడ్డిలో పేర్చి పెట్టెల్లోనే చూపిస్తారు. తోతాపురి జ్యూసు ఫ్యాక్టరీలకు పోయేది, దాని ముందు ఎవరూ నిలబడి ముచ్చట పడేవారు కాదు.

ఆ రోజుల్లోనే కార్బైడు కూడా ఉండేది. కాల్షియం కార్బైడును కాగితం పొట్లాలుగా కట్టి కాయల మధ్య పెడితే, తేమ తగిలి ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. అది పండే గుణాన్ని త్వరగా రప్పిస్తుంది. ఒకటి, రెండు రోజుల్లో తోలు పసుపుపచ్చగా మెరుస్తుంది, లోపల పులుపు అలాగే ఉంటుంది. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి కాబట్టి దాని మీద నిషేధం కాగితం మీద ఎప్పటినుంచో ఉంది. కాగితం మీదనే ఉంది. 2015లో ఉమ్మడి హైకోర్టు ఆ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకున్నాక తనిఖీలు పెరిగాయి. ఇథిలీన్ వాయువుతో మాగబెట్టే గదులు ఎక్కువయ్యాయి. 2016లో ఆహార భద్రతా సంస్థ ఇథిలీన్‌ను పది లక్షల వంతుల్లో 100 వంతుల వరకు వాడవచ్చని అనుమతించింది. మా తాత కాలంలో వరిగడ్డి పరిచిన చీకటి గది చేసిన పనే ఇదీ. కాయ తనంతట తాను విడిచే ఇథిలీన్‌ను గడ్డి పట్టి ఉంచేది. కాకపోతే గడ్డికి వారం కావాలి, ఆ వారం వ్యాపారి దగ్గర లేదు.

మిగిలిన పండ్ల గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేదు, ఒక్క ద్రాక్ష తప్ప. హైదరాబాదు చుట్టూ శామీర్‌పేట, మేడ్చల్, శంషాబాదు దిక్కుల్లో ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లుండేవి. అనాబ్-ఇ-షాహి అనే పొడుగు గుత్తుల రకానికి ఈ నగరమే పేరు తెచ్చింది. నేను మార్కెట్‌కు వెళ్లే రోజుల్లో ఆ గుత్తులను వెదురు బుట్టల్లో కాగితం పరిచి తెచ్చేవారు. చూస్తుండగానే ఏటేటా బుట్టలు తగ్గిపోయాయి. భూగర్భ జలం అడుగంటింది, మిగిలిన నేల ప్లాట్లయింది. ఇప్పుడు ద్రాక్ష ఎక్కువగా మహారాష్ట్ర నుంచి అట్టపెట్టెల్లో వస్తోంది.

కూరగాయల మార్కెట్‌తో నాకు పరిచయం ఉద్యోగంలో చేరాక, బోయినపల్లి దగ్గర కొంతకాలం ఉన్నప్పుడు కలిగింది. మదనపల్లె టమాటా, ఆగ్రా ఆలుగడ్డ, చేవెళ్ల, శంకర్‌పల్లి ఆకుకూరలు, గజ్వేల్ దిక్కు బీర, సొర అక్కడ దిగేవి. ఉల్లి, మిర్చి మలక్‌పేట వెళ్లేవి. ఆకుకూర కట్ట ముందు బత్తాయి ఎంత ఓపికగలదో అక్కడ చూస్తే తెలుస్తుంది. పొద్దున ఆరింటికి పలికిన పాలకూర పదింటికి పశువులకు పోతుంది. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనప్పుడు కూరగాయల రైతులకు ఊరట కలిగినది ఇందుకే. కొనే ఇల్లాలికీ పండించినవాడికీ మధ్య గంటలు తగ్గాయి. మా నాయన కూడా ఆశపడి ఒకసారి సరూర్‌నగర్ రైతుబజారులో బత్తాయి పెట్టి చూశాడు. కిలో, రెండు కిలోలు కొనేవాళ్లతో లారీడు కాయ అమ్ముడుపోదని మధ్యాహ్నానికే తెలిసి, మిగిలినదాన్ని ఆటో ట్రాలీకి ఎత్తించి మళ్లీ సేటు దగ్గరకే తెచ్చాడు. బోయినపల్లిలో అమ్ముడుపోని కూరగాయలు గుట్టలుగా కుళ్లేవి. ఆ చెత్తతో నడిచే బయోగ్యాస్ ప్లాంటును హైదరాబాదులోని రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ ఐఐసీటీ సాంకేతికతతో అక్కడే పెట్టారు. రోజుకు 10 టన్నుల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, క్యాంటీనుకు వంటగ్యాసు వస్తాయని 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో కూడా చెప్పారు. మార్కెట్‌లో నేను చూసిన మార్పుల్లో మనస్ఫూర్తిగా మెచ్చుకోగలిగినది అది ఒక్కటే అనుకుంటాను.

పూల సంగతి వేరు. జాంబాగ్‌లో, మొజంజాహి మార్కెట్‌కు కూతవేటు దూరంలో, ఇరుకు సందుల్లో నడిచిన పూల వ్యాపారం తరవాత గుడిమల్కాపూర్ యార్డుకు మారింది. పెళ్లయ్యాక మేము మెహదీపట్నంలో ఉండేవాళ్లం కాబట్టి మా ఇంటికి అది నడక దూరం. శ్రావణ శుక్రవారాలకు, బతుకమ్మకు నా భార్యతో కలిసి చీకటితో వెళ్లేవాణ్ణి. శంషాబాదు, మొయినాబాదు, చేవెళ్ల గులాబీలు, కర్ణాటక నుంచి వచ్చే చామంతి, తడి గోనెల్లో మూటగట్టిన మల్లె, ఎక్కడ కనిపించినా ముందుగా ధర అడగడానికి భయపడే కనకాంబరం. పాలీహౌసుల్లో పెంచిన డచ్ గులాబీని 20 కాడల కట్టగా అమ్ముతారు, నాటు గులాబీని రేకులుగా కిలోల్లో తూస్తారు. బంతిపూల మూటలు మనిషి ఎత్తు పేర్చి ఉంటాయి. మల్లె మొగ్గను పొద్దు పొడవక ముందే అమ్మాలి, విచ్చుకుంటే అది దండకు పనికిరాదు. కాబట్టి అక్కడ వేలం పండ్ల వేలం కన్నా వేగం, గొంతులు ఇంకా పెద్దవి. దసరా ముందు రోజు బంతి ఏ ధర పలికితే ఆ ధర. దసరా మరునాడు అదే బంతిని యార్డు గేటు దగ్గర పారబోసిపోయిన రైతులను చూశాను. పండుగ ఒక్కరోజు అటో ఇటో అయితే పూలు కోసినవాడి ఏడాది తారుమారు.

బతుకమ్మ రోజుల్లో మాత్రం గుడిమల్కాపూర్ బయటి రోడ్డు మీద ఇంకో మార్కెట్ మొలిచేది. తంగేడు, గునుగు కట్టలు నెత్తిన పెట్టుకొని పల్లెల నుంచి ఆడవాళ్లు వచ్చి పేవ్‌మెంటు మీద కూర్చొనేవారు. ఆ పూలకు తోటలు లేవు, పెట్టుబడి లేదు, కాబట్టి సేటు లేడు, కమీషను లేదు, దడ్వాయి లేడు. గట్ల మీద కోసుకొచ్చినది కట్టకింత అని అమ్మి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయేవారు. మా నాయన ఒక ఏడు పండుగకు మా ఇంటికి వచ్చినప్పుడు అక్కడ నిలబడి చాలాసేపు వాళ్ల బేరాలు విన్నాడు. "వీళ్లకు సూట్ పట్టేటోడు లేడు" అన్నాడు తిరిగి వస్తూ. అసూయతో అన్నాడో, మెచ్చుకోలుగా అన్నాడో నేను అడగలేదు.

గడ్డిఅన్నారం చాలదని, లారీలతో నగరానికి ఇబ్బంది అని ప్రభుత్వం కోహెడలో పెద్ద మార్కెట్ తలపెట్టింది. కరోనా తొలి వేసవిలో మామిడిని అక్కడ తాత్కాలిక షెడ్లలోకి మార్చారు. 2020 మే మొదట్లో గాలివానకు ఆ షెడ్లు కూలిపోయాయి, మనుషులు గాయపడ్డారు. వ్యాపారం తిరిగి కొత్తపేటకే వచ్చింది. మరుసటి ఏడు బాటసింగారంలోని లాజిస్టిక్ పార్కులోకి మార్చమన్నారు. ఆడ్తిదారులు కోర్టుకు వెళ్లారు, కొన్నాళ్లు గేట్లకు తాళాలు పడ్డాయి. 2022 మార్చిలో పాత షెడ్లను కూల్చడం మొదలుపెట్టారు. ఆ స్థలంలో ప్రభుత్వ ఆస్పత్రికి ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఆస్పత్రి రావలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. నగరానికి ఆ వైపున పేదవాళ్లకు పెద్దాసుపత్రి లేక ఎంత దూరం పరుగెత్తేవారో మా నాయన సంగతిలోనే చూశాను.

బాటసింగారం వెళ్లడం మా నాయనకు నచ్చలేదు. పైకప్పు ఎత్తుగా ఉంది, నేల శుభ్రంగా ఉంది, ఊరి నుంచి దూరం కూడా తక్కువే. అయినా సేటు దుకాణం ఏ వరుసలో ఉందో మూడుసార్లు అడిగి తెలుసుకోవలసి వచ్చిందని ఆయనకు కోపం. సేటు కొడుకు ఇప్పుడు దుకాణం చూస్తున్నాడు, ధరలు వాట్సాపులో పంపుతాడు, తక్‌పట్టీ కంప్యూటరులో అచ్చేసి ఇస్తాడు. ఈ మధ్య మేము అక్కడికి కూడా పెద్దగా పంపడం లేదు. ఢిల్లీ లారీలు కత్తెర కాపుకు, అంటే ఏడాదిలో వచ్చే రెండో కాపుకు, నేరుగా తోటకే వస్తున్నాయి. చెట్టు మీద ఉండగానే ధర మాట్లాడుకొని, వాళ్ల మనుషులే కోసుకొని, తోట గట్టునే కాంటా వేస్తారు. కమీషను లేదు, హమాలీ లేదు, లారీ కిరాయి లేదు. పోయిన కాపుకు కొనడానికి వచ్చిన కుర్రవాడు తూకమంతా అయ్యాక ఫోనులో లెక్క కట్టి, టన్నుకు ఇంత సూట్ తీసేసి చూపించాడు. మా నాయన గోనె మీద నుంచి లేచి, కాయ ఇంకా చెట్టు పక్కనే ఉంటే ఎండేది ఎక్కడని అడిగాడు. కుర్రవాడు తన సేటుకు ఫోను కలిపి ఆయన చేతికిచ్చాడు. బేరం సాయంత్రం దాకా సాగింది, సూట్ సగానికి తగ్గింది, లారీ దీపాలు వేసుకొని హైదరాబాదు దిక్కుకు కాకుండా నార్కట్‌పల్లి మీదుగా వేరే దారిన వెళ్లింది.